నానమ్మ చూసిన దొర బంగ్లా

మా చిన్నప్పుడు, ఒక ఎండాకాలం సాయంత్రం… భీమిలిలో ఒక పాత బంగ్లా గేటు ముందు మా నానమ్మ ఠక్కున ఆగిపోయి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది.

మాది హనుమకొండ, సుబేదారి. మామయ్యకు బ్యాంకులో బదిలీ అయి అత్తవాళ్లు భీమిలిలో ఉండేవాళ్లు. సెలవులకు నన్నూ నానమ్మనూ పిలిపించుకున్నారు. ఒకప్పుడు ఓడలు ఆగిన ఊరట… సముద్రం దాటి వచ్చిన బట్టల వర్తకుడు కట్టుకున్న ఇల్లట… అత్త చెప్పిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. బట్టల మూటలు ఎక్కడ పెట్టేవాడు? మనవాళ్లతో ఏ భాషలో బేరమాడేవాడు?

కానీ బయల్దేరేటప్పుడు అత్త, ఆ ఊరివాళ్లు అన్నట్టే, "దొర బంగ్లాకు పోదాం నడువమ్మా" అంది. అప్పుడే నానమ్మ ముఖం మారింది.

"మీరు పోయిరాండ్రి. నేనీడ్నే కూసుంట" అని గేటు పక్కన ఇసుకలో కూలబడింది. కొంగు పట్టి లాగాను. కదిలితేనా! ఆమెను వదిలి లోపలికి వెళ్లలేను, చూడకుండా వెనక్కీ వెళ్లలేను. నాకు ఏడుపొచ్చేసింది.

కాపలా తాత బయటికి వచ్చాడు. "ఏటమ్మా, సెప్పులిప్పేసినావు? గుడేటి ఇది?"

"దొర ఇల్లాయె గద అన్నా…"

"తెల్లదొరమ్మా! యాపారానికొచ్చినోడు. ఎప్పుడో పోనాడు."

"ఆయన పోతే కొడుకులుండరా?"

"కొడుకులూ నేరు, మనవలూ నేరు. గబ్బిలాలున్నాయి."

అత్త పడీ పడీ నవ్వింది. మా పల్లెల్లో దొర అంటే ఊరి భూములన్నీ గుప్పిట్లో పెట్టుకున్నవాడు. ఆయన ఉండే గడి ముందు చెప్పులేసుకుని నడవకూడదు. భీమిలిలో దొర అంటే తెల్లవాడని నానమ్మకేం తెలుసు పాపం!

నానమ్మ మాత్రం నవ్వలేదు. "నీ అంత ఉన్నప్పుడు మా ఊరి గడి వాకిలి ఊడ్సిన బిడ్డా… దినాం. లోపటికి ఒక్కనాడు రానియ్యలే. అండ్ల ఏముంటదో ఇప్పటికీ తెల్వది" అంది నాతో. ఆ ఇల్లు చూడాలన్న ఆత్రం నాకొక్కదానికే ఉందనుకున్నాను ఇంతసేపూ…

చెప్పులు తొడుక్కుని లేచింది. ఇక ఆమెను పట్టడం ఎవరి వల్లా కాలేదు. మూరెడు మందం సున్నపు గోడలు తట్టి చూసింది. కిర్రుమనే చెక్క మెట్లెక్కి, వర్తకుడు ఓడల కోసం చూసేవాడన్న కిటికీలోంచి తనూ సముద్రాన్ని చూసింది. కనబడిన తలుపల్లా తోసింది. "వంటిల్లేది? ఏం తింటుండె? గింత ఇంట్ల ఒక్కడే ఎట్లున్నడు?" అంటూ తాతను ఊపిరి తీసుకోనివ్వలేదు. కాళ్లు నొప్పులు పుట్టి నేను ఇంటికి పోదామంటే, "జర ఆగు, ఆ అర్ర చూడలే" అంది ఇంకో గది చూపిస్తూ.

మొన్న హసన్‌పర్తి అవతల ఉన్న నానమ్మ పుట్టిన ఊరికి వెళ్లాను. గడికి తలుపులే లేవు. పిల్లలు లోపల క్రికెట్ ఆడుకుంటున్నారు, ఎవరూ ఏమనడం లేదు. చెప్పులతోనే అర్రలన్నీ తిరిగొచ్చాను… లోపల ఏముందో చెబుదామంటే నానమ్మ లేదు.

మీ ఇంటి పెద్దవాళ్లు గడప బయటే ఆగిపోయిన ఇల్లు ఏదైనా ఉందా? వాళ్లుండగానే ఒకసారి లోపలికి తీసుకెళ్లండి… ముందు ఏ గది చూస్తామన్నారో నాకూ చెప్పండి.