రాయి యాడికీ పోదు

మా పెదనాయన ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాడు. పంతొమ్మిదివందల డెబ్బైల చివర్లో ఉలి కింద ఎగిరిన రాతిపెళ్ల ఆయన కుడికన్ను తీసుకుపోయింది. ఒంటికన్నుతో దూరం తెలియక, సుత్తి ఉలి మీద పడాల్సింది వేలి మీద పడేది. నెత్తురు కారే వేలికి గుడ్డ చుట్టుకుని, "రాయి యాడికీ పోదులేప్పా" అంటూ మళ్లీ కూర్చునేవాడు. రెండేళ్లు రోళ్లే చెక్కాడు. కొట్టే ముందు రాయిని బొటనవేలితో తడమడం అప్పుడే అలవాటైంది.

తర్వాత నంద్యాల వాళ్లు ఆంజనేయస్వామిని చెక్కమన్నారు! విగ్రహానికి కళ్లు అన్నిటికన్నా చివర్న తెరుస్తారు; ఆ తొలిచూపు మనిషి మీద పడకూడదంటారు. కళ్లు తెరిచే రోజు నేను నంద్యాలలో కాలేజీ ఎగ్గొట్టి ఆళ్లగడ్డకు మొదటి బస్సెక్కాను. పనిపాక నిండా జనం. విగ్రహానికి ఎదురుగా నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన అందరికీ వినబడేలా అన్నాడు.

"ఒంటికన్నోడు స్వామికి కండ్లు తెరిసేదేందీ?"

పెదనాయన రాతి కనురెప్పను బొటనవేలితో తడిమాడు. ఉన్న ఒక్క కన్నూ మూసుకున్నాడు! టక్, టక్, టక్. ఒక్క దెబ్బా వేలి మీద పడలేదు. స్వామి రెండో కన్ను కూడా అయ్యాక పొడి ఊది, పెద్దమనిషి వైపు తిరిగాడు.

"పక్కకి జరుగప్పా. స్వామి నిన్నే సూస్తాండాడు."