నలభై ఏడో నంబరు అభిప్రాయం

దయ్యాలంటే నాకు భయం లేదు, గౌరవం అంతకన్నా లేదు. ఇరవై రెండేళ్లు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పాను. చచ్చిన కప్ప మళ్లీ లేవడం ఎప్పుడూ చూడలేదు. మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికైనా గాలి సోకిందంటే ముందు బీపీ చూపించుకోమని చెప్పేది నేనే. అందుకే ఎవరూ నాకు అలాంటివి చెప్పరు. ఇప్పుడు నేనే చెప్పాల్సి వచ్చింది.

మా చిన్నాన్నకు చిక్కడపల్లిలో వీడియో లైబ్రరీ ఉండేది. ఒక్క షట్టరున్న చిన్న మడిగె, మూడు గోడల నిండా క్యాసెట్లు. ఆయనకో పద్ధతి ఉండేది. ప్రతి క్యాసెట్ డబ్బాలో ఒక చీటీ పెట్టేవాడు. చూసినవాళ్లు తమ మెంబర్ నంబర్ వేసి అభిప్రాయం రాయాలి. రాయకపోతే రెండో క్యాసెట్ ఇచ్చేవాడు కాదు. చీటీలకు కొత్త కాగితం కొనేవాడూ కాదు. ఒకవైపు అచ్చయిన పాంప్లెట్లు, పాత పెళ్లి కార్డులు కత్తిరించి, ఖాళీ వైపు వాడేవాడు.

ఆ రోజుల్లో అందరూ తీసుకెళ్లిన సినిమా ఒకటుంది. దయ్యం సినిమాయే, కానీ నవ్వించే దయ్యం. పేరు రాయను. రాస్తే అసలు సంగతి పక్కకు పోయి సినిమా మీద వాదన మొదలవుతుంది. కథ ఇంతే: చనిపోయిన ముసలమ్మ ఇంట్లోనే ఉండిపోయి కోడళ్లను, కొడుకులను ఆడిస్తుంది. చివర్లో అందరూ దండం పెట్టి వెళ్లమంటారు, వెళ్తుంది.

ఆ డబ్బాలో చీటీ రెండు వైపులా నిండిపోయింది. అది ఇప్పుడు నా దగ్గరే ఉంది. ‘పిల్లలు జడుసుకున్నారు, మేము నిద్రపోయాం’ అని ఒకరు. ‘ప్రింట్ మసక. దయ్యం ఎవరో హీరోయిన్ ఎవరో తెలియలేదు’ అని ఇంకొకరు. ‘మా అత్తగారికి చూపించాను, ఆమెకు నచ్చింది, అదే నా బాధ’ అని ఒకావిడ. రివైండ్ చేయకుండా ఇచ్చే నూట పన్నెండో నంబరుకు సిగ్గుండాలని నేను రాశాను.

నలభై ఏడో నంబరు మా సుగుణక్కది. స్కూల్ టీచర్. నంబర్ చుట్టూ సున్నా చుట్టి, అభిప్రాయం రాసి, పదికి మార్కులు వేసేది. ఈ సినిమాకు నాలుగుసార్లూ ఆరున్నరే వేసింది. నాలుగుసార్లూ ఒకే ఫిర్యాదు: ముగింపు తప్పు. ముసలమ్మను వెళ్లమనడానికి వాళ్లెవరు, ఓ మూల కుర్చీలో కూర్చుంటే ఎవరికి నష్టం అని. దాని కిందే నేను: కథన్నాక ముగియాలి, పొమ్మంటే పోవాలి. ఇంట్లో కూడా ఇదే గొడవ. అమ్మ విసిగిపోయి ఇద్దరికీ అన్నం పెట్టనన్న రోజులున్నాయి.

ఏడేళ్ల కింద అక్కకు జబ్బు ముదిరింది. బావ అప్పటికే లేడు. కూతురు స్రవంతి బెంగళూరులో చదువుతోంది. అశోక్ నగర్‌లో మా ఇంట్లోనే ఐదు నెలలు ఉంచుకున్నాను. మందులు ఇక పనిచేయవని డాక్టర్లు చెప్పేశారు. చిన్నాన్న తన పాత ప్లేయరు, ఈ క్యాసెట్టు తెచ్చి పెట్టాడు. అక్క రోజూ మధ్యాహ్నం అదే చూసేది.

ఐదు నెలలు. లేపడం, కడగడం, తినిపించడం, కక్కితే మళ్లీ కడగడం. కాలేజీలో నా సెలవులన్నీ అయిపోయి, జీతం లేకుండా ఇంట్లో ఉన్నాను. మా ఆయన బ్యాంకుకు పోయేవాడు. నేను, అక్క, కుక్కర్ చప్పుడు. కష్టం చెప్పుకోవడానికి రాయడం లేదు ఇది. ఆ మధ్యాహ్నం నేను ఏ స్థితిలో ఉన్నానో తెలియాలని.

ఆ రోజు సినిమా అయిపోయింది. నేను దుప్పట్లు మడత పెడుతున్నాను. అక్క అడిగింది.

“జర నిజం చెప్పవే. ఆ ముసలమ్మ పోవాల్నా, ఉండాల్నా?”

“పోవాలి. ఎన్ని దినాలని గట్లనే కూసుంటది? ఇంట్ల ఉన్నోళ్లు బతకాల్నా, వద్దా?”

అనేశాను. సినిమా గురించే అన్నాననుకున్నాను. అక్క నవ్వింది. “నీ నోట్ల నోరు పెట్టి ఎవరు గెలుస్తరే” అని గోడ వైపు తిరిగింది.

నాలుగో రోజు పొద్దున పోయింది.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు చెప్పలేదు, స్రవంతికి అసలే చెప్పలేదు. ఏడేళ్లుగా ఆ మాట ఒక్కటే నాలో తిరుగుతోంది. సినిమా గురించి అన్నానా, అక్కనే అన్నానా? నాకే తెలియనప్పుడు అక్కకేం తెలిసి ఉంటుంది?

ఈ ఏడాది చిన్నాన్న మడిగె ఉన్న బిల్డింగ్ కూలగొడుతున్నారు. క్యాసెట్లన్నీ పాత సామాన్ల బండికి వెళ్లాయి. అక్క పోయాక మళ్లీ మడిగెకే చేరిన ఈ సినిమా క్యాసెట్ ఒక్కటి ఉంచమని స్రవంతి ఫోన్ చేసింది. “యూట్యూబ్‌ల ఉన్నది వద్దు చిన్నమ్మా. అమ్మ చూసిన కాపీనే పెన్‌డ్రైవ్‌ల వెయ్యించు.”

క్యాసెట్ తీసుకోవడానికి వెళ్తే, నిండిన చీటీ చేతికిచ్చి చిన్నాన్న గుర్తు చేశాడు. “చీటి లేకుండ క్యాసెట్ గల్లీ దాటొద్దు బిడ్డా.” ఎనభై నాలుగేళ్లు, చేతులు వణుకుతాయి, చెమ్చా పట్టుకోలేడు. పద్ధతి మాత్రం మరవలేదు. ఆయన మాట తీసేయలేక, మా గేటులో ఎవరో పడేసిన గ్రూప్స్ కోచింగ్ పాంప్లెట్ కత్తిరించి, డబ్బాలో పెట్టాను. గులాబీ రంగు కాగితం. వెనక ఖాళీ. నా చేత్తో కత్తిరించాను, నా చేత్తో పెట్టాను.

సోమవారం నారాయణగూడలో క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే షాపులో ఇచ్చాను. శుక్రవారం మూడింటికి వెళ్లి తెచ్చుకున్నాను. క్యాసెట్ సరిగ్గా ఉందో లేదో చూద్దామని కౌంటర్ దగ్గరే డబ్బా తెరిచాను. చీటీ మీద నీలం ఇంకుతో రాసి ఉంది. నలభై ఏడు, చుట్టూ సున్నా.

‘ఈసారి ముగింపు నచ్చింది. ఆమె అలిసిపోయింది. వాళ్లు పొమ్మన్నందుకు పోలేదు. పదికి ఆరున్నర.’

షాపాయనను నిలదీశాను. ఆయనకు ముప్పై ఏళ్లుంటాయి. బిత్తరపోయాడు. “నేను డబ్బాలకెల్లి తీసుడు, మల్ల పెట్టుడు, గంతే అక్కా. నాకు తెలుగు చదువుడే కష్టం, రాసుడు యాడికెల్లి వస్తది?” బిల్లు చూపించాడు. ఇంగ్లీషులోనే ఉంది. షాపులో ఇంకెవరూ పనిచేయరు.

ఇంటికొచ్చి పాత చీటీ పక్కన పెట్టాను. మా ఆయన బ్యాంకులో ముప్పై ఏళ్లు సంతకాలు సరిచూసిన మనిషి. భూతద్దం పెట్టి అరగంట చూశాడు.

“ఒక్క చెయ్యే. పాత చీటీ ఏదన్న కలిసిందేమో సూడు.”

“పాత చీటీ వెనక ఈ యేడు బ్యాచ్ తారీఖు ఎట్ల ఉంటదండీ?”

ఆయన భూతద్దం మడిచి లోపలికి వెళ్లిపోయాడు.

నా మీదే అనుమానం వచ్చింది. మనిషి తను వినాలనుకున్నదే వింటాడు, చూడాలనుకున్నదే చూస్తాడు. ఇదే మాట వేరేవాళ్లకు వందసార్లు చెప్పాను. నేనే మతిలేక రాసి మరిచిపోయానా? అదే వాక్యం పదిసార్లు రాసి చూశాను. నా రాత నాదే, అక్క రాత అక్కదే. మా ఆయన కూడా నీది కాదన్నాడు. చిన్నాన్న రాయలేడు. స్రవంతి బెంగళూరు దాటి రాలేదు. పోనీ, ఎవరో అక్క రాతను దించారనుకుందాం. నేనన్న మాటకు జవాబు రాయాలంటే ఆ మాట తెలియాలి కదా. అది విన్నది ఒక్క మనిషి.

ఊరట కలిగిందా అని మీరు అడగవచ్చు. కలగలేదు. అక్క మీద గెలవాలని ముప్పై ఏళ్లు కొట్లాడాను. ఇలా ఒప్పుకుంటుందనుకోలేదు. ఎదురుగా ఉంటే ఒప్పుకోవద్దని మళ్లీ వాదించేదాన్ని. ఆ రాత్రి మాత్రం చాలా రోజుల తర్వాత ఎనిమిది గంటలు నిద్రపోయాను. అది కూడా రాసి పెడుతున్నాను, లెక్కకు ఉంటుందని.

వచ్చే ఆదివారం స్రవంతి పెన్‌డ్రైవ్ కోసం వస్తోంది. చీటీ తీసి దాచేయవచ్చు, అడిగేవాళ్లు లేరు. కానీ అది దాని తల్లి రాత. చూపించాలంటే ఆ మధ్యాహ్నం నేనేమన్నానో ముందు చెప్పాలి. చెప్తాను. తిడితే పడతాను, ఏడిస్తే పక్కన కూర్చుంటాను. ఇది ఎవరు రాశారు చిన్నమ్మా అని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు. నాకు జవాబు లేకపోవడం దానికి కొత్త. నాకూ కొత్తే.