విషానికీ కషాయానికీ ఒకే గుటక

ఆ ఏడాది నా రొమ్ములో గడ్డ తేలింది. ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత కొన్ని వారాలపాటు రోజూ వచ్చి రేడియేషన్ పెట్టించుకోవాలన్నారు. నాకు భయం వేయలేదని చెప్పను. కానీ మా అత్తగారి భయం ముందు నాదేపాటి! మా ఆయన పోయాక ఫిల్మ్‌నగర్ ఫ్లాట్‌లో మిగిలింది మేమిద్దరమే. రేడియేషన్ అన్న మాట విన్న దగ్గర్నుంచి ఆవిడ ఒకటే ఏడుపు. ఒళ్ళంతా కాలిపోతుందట, ఎవరో చెప్పారట.

ఆ ఏడుపు జూబ్లీహిల్స్‌లో ఒక పార్కు గేటు దగ్గర ఆగింది. అక్కడ బండి మీద ఆకు రసాలు అమ్మే ఆయన ఆవిడకి అభయమిచ్చాడు.

"ఫికర్ జేయకమ్మా. గీ తిప్పతీగ, తులసి, ఉసిరి కలిపి పొద్దుగాల్నే తాపియ్యి. కిరణాలు కోడలి ఒంటికి తాకనే తాకయి."

"కిరణాలు తాకకపోతే నా జబ్బెలా పోతుంది అత్తయ్యా?" అన్నాను.

"మంచివి లోపలికెళ్తాయి, చెడ్డవి బయటే ఆగిపోతాయి" అని ఆవిడే తీర్పు చెప్పేశారు.

డాక్టరమ్మ మాత్రం మొదటిరోజే గట్టిగా చెప్పింది, తనని అడగకుండా ఏ పసరూ, ఏ కషాయమూ తాగొద్దని, చికిత్సకే అడ్డు రావచ్చని. అత్తగారు బుద్ధిగా తలూపారు. ఆటో ఎక్కగానే "వాళ్ళలాగే అంటార్లే" అన్నారు.

మర్నాడు పొద్దున్నే గ్లాసుడు పచ్చటి కషాయం నా ముందుకొచ్చింది. వద్దన్నాను. ఆవిడ పెదవులు వణకడం మొదలైంది. ఆకులు రుబ్బుతున్నంతసేపే ఆవిడ ఏడవకుండా ఉన్నది! తాగేంత తెలివితక్కువదాన్ని కాను. కాదనేంత గుండె కూడా లేదు.

ఇంతకీ నా పని డబ్బింగు. తెరమీద హీరోయిన్ మెట్లెక్కితే మైకు ముందు నిలబడి నేను ఆయాసపడతాను. ఆవిడ నీళ్ళు తాగినా, విషం మింగినా ఉత్త గొంతుతో గుటకలు వేసేది నేనే. కూడు పెట్టే విద్య ఇంట్లో పనికిరాదా? గ్లాసు పట్టుకుని బాల్కనీలోకెళ్ళి తలుపు చేరేశాను. మూడు గుటకలు, ఒక డోకు, చివర్లో "అబ్బా, చేదు!" రసం మాత్రం కుండీలోని గులాబీకి. తలుపవతల అత్తగారు "మా అమ్మే, మా బంగారమే" అని మురిసిపోయారు. ఛీ, ఇంత సిగ్గులేని నటన నేను డబ్బింగ్ థియేటర్లో కూడా చేయలేదు.

రెండు వారాలు ఇదే భాగోతం. ఓ మధ్యాహ్నం ఆవిడ టీవీలో సీరియల్ చూస్తున్నారు. అందులో అత్త పాలల్లో విషం కలిపి కోడలికిచ్చింది. కోడలికి గొంతు నాదే. మూడు గుటకలు, ఒక డోకు, "అబ్బా, చేదు!"

అత్తగారు టీవీ కట్టేశారు.

"అమ్మాయ్, ఇలా రా. ఇవి రోజూ పొద్దున నేను వినే గుటకలే కదూ?"

నీళ్ళు నమిలాను. ఆ తర్వాత నిజం కక్కేశాను.

"హవ్వ! విషం పోసే ఆ రాక్షసికీ నాకూ ఒకే గుటకా?" అని అంతెత్తున లేచారు. తిట్టీ తిట్టీ కూలబడ్డారు. "నీకేమన్నా అయితే నేనెవరికి వండిపెట్టాలే? చేతులు కట్టుకుని కూర్చోమంటావా?" అన్నారు.

మర్నాడు ఆవిడే నాతో వచ్చి డాక్టరమ్మని నిలదీశారు. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "ఈ మొక్కల మీద పరిశోధనలు జరుగుతున్నాయమ్మా. చాలావరకు ఎలుకల మీదే. మనుషులకి మేలు చేస్తాయని గానీ, చికిత్సకి అడ్డురావని గానీ ఇంకా తేలలేదు."

"ఎలుకలకి పోస్తారు గానీ మా పిల్లకి పోయనివ్వరా?" అన్నారు అత్తగారు. డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది.

అక్కణ్ణుంచి నా వెనకాలే మిషను గదిలోకి వచ్చేశారు. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, చేతులు తలపైకి పెట్టించి, కిరణాల గురి కోసం ఒంటి మీద గీసిన గీతలు సరిచూసి, కదలొద్దన్నాడు టెక్నీషియన్. ఆవిడ వైపు తిరిగి, "అమ్మా, జర బయటకు రావాలె. గీడ ఎవ్వరుండొద్దు" అన్నాడు.

"నువ్వు?"

"నేను గూడ ఉండ."

"నువ్వే పారిపోయే చోట మా పిల్లనొక్కదాన్నీ ఎలా వదిలేస్తారయ్యా? నేను రాను. డెబ్బై దాటాయి, ఇప్పుడు కాలితే ఎంత, కాలకపోతే ఎంత? నువ్వెళ్ళి మీట నొక్కుకో" అని నా పాదం గట్టిగా పట్టుకున్నారు.

చివరికి ఇద్దరు నర్సులొచ్చి, బతిమాలి, ఆవిణ్ణి బయటికి తీసుకెళ్ళారు. తలుపు మూసుకుంది. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, కదలడానికి లేదు. కన్నీళ్ళు తుడుచుకోను కూడా లేక రెండు చెవుల్లోకీ కారిపోతుంటే అలాగే పడుకున్నాను.