చేతులు వెనక్కి పెట్టుకో అన్నా

మే నెలలో నందిగామ చేరాం. బైపాస్ దిగి ఊళ్లోకి మళ్లగానే వేడిగాలి మొహానికి కొట్టింది. రోడ్డు పక్కన పత్తి చేలన్నీ దున్ని వదిలేసిన నల్ల బెడ్డలు. ముందూ వెనకా సిమెంటు లారీలు. కారు నాది. వెనక సీట్లో మడిచిన చక్రాల కుర్చీ, గాలి పంపు, కొలత టేపు, నీళ్ల క్యాను. పక్క సీట్లో, ఒకప్పటి మా సైనిక సెక్షన్ రేడియో ఆపరేటర్. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. ఆ సెక్షన్‌కి నేను కమాండర్‌ని. ఇద్దరం పటాలం వదిలి చాలా ఏళ్లయింది.

ఈసారి ఆర్డరు ఇచ్చింది సైన్యం కాదు. చక్రాల కుర్చీల్లో తిరిగేవాళ్లకి ప్రయాణాలు కుదిర్చే చిన్న బృందం ఒకటి విజయవాడలో ఉంది. హైదరాబాద్ రోడ్డు మీద వాళ్లు ఆగడానికి పనికొచ్చే హోటళ్లు చూసి చెప్పమన్నారు. నందిగామ నుంచి తెలంగాణ సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దాకా మా హద్దు. తేల్చాల్సింది ఒక్కటే. కుర్చీలో ఒంటరిగా వచ్చిన మనిషి ఎవరి సాయమూ లేకుండా గదిలోకి, మంచం మీదికి, బాత్రూంలోకి వెళ్లగలడా లేదా. నెలాఖరుకి ఒక టీచరమ్మ ఆ దారిన ఒక్కతే వెళ్లబోతోంది. ఆవిడకి గది మేం చూపించాలి.

ఆపరేటర్ కాళ్లు ఎలా పడిపోయాయో చెప్పాలి. ఉత్తరాది కొండల్లో, సరిహద్దు పోస్టుకి రేషన్ తీసుకెళ్తున్న ట్రక్కు మంచు మీద జారింది. వెనక మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని ఉన్నాం. నేను ఎగిరి మెత్తటి మంచులో పడ్డాను. అతను ట్రక్కుతో పాటు లోయలోకి వెళ్లాడు. అతనికి నడుం విరిగింది. నాకు మోచేయి గీసుకుపోయింది. తప్పు ఎవరిదీ కాదని విచారణలో తేలింది. నాకు మాత్రం తేలలేదు. అప్పటినుంచి అతను కనబడితే చాలు, నా చేతులు ముందుకు పోతాయి. ఎత్తడానికి, తొయ్యడానికి, మొయ్యడానికి.

నందిగామ లాడ్జి వాకిట్లో మూడు మెట్లు. పక్కన కుర్చీ ఎక్కే వాలు లేదు. ఆపరేటర్ కుర్చీ ఆపి మెట్ల వంక చూస్తున్నాడు. నేను అతన్ని అడగలేదు. వాచ్‌మన్‌ని పిలిచాను. చెరో పక్కా పట్టి కుర్చీతో సహా లేపి లోపల పెట్టాం. కౌంటరులో మేనేజరు మొహం వెలిగిపోయింది.

“చూశారాండీ! ఇబ్బందేం లేదు. ఎవరొచ్చినా మావాళ్లు ఎత్తి లోపల పెడతారు. రాసుకోండి సార్.”

గదులు చూశాం. బాగున్నాయి. ఇక్కడ ఆగొచ్చని బృందానికి ఫోన్ చేసి చెప్పేశాను కూడా.

టీ కొట్టు దగ్గర ఆగాక, ఆపరేటర్ గ్లాసులోకి చూస్తూ అన్నాడు.

“అన్నా, నువ్వు పక్కనుంటే ప్రతి హోటలూ బాగానే ఉంటుంది.”

“ఏమైందిరా?”

“ఆ టీచరమ్మ పక్కన నువ్వుండవుగా. ముక్కూ మొహం తెలియని మగాళ్లిద్దరు ఆవిణ్ణి కుర్చీతో ఎత్తుతారు. ఆవిడ చీర సర్దుకోవాలా, కుర్చీ పట్టుకోవాలా?”

నేను గ్లాసు కింద పెట్టాను.

“నాకు మాత్రం బాగుంటుందా, బస్తాలాగా?” గొంతు తగ్గించాడు. “వద్దంటే బాధపడతావని ఇన్నేళ్లూ ఊరుకున్నా.”

నేను మోస్తున్నాననుకున్న బరువు అంతకాలమూ అతనే మోశాడు, నా కోసం. అక్కడే ఫోన్ తీసి, నందిగామ లాడ్జి వద్దని చెప్పాను.

జగ్గయ్యపేట హోటలు కొత్తది. యజమాని కిరాణా హోల్‌సేల్ వ్యాపారి. మా కోసం తనే గుమ్మంలో నిలబడ్డాడు. వాలు వెడల్పుగా, మెల్లగా ఎక్కేలా కట్టించాడు. ఆపరేటర్ ఎవరి సాయమూ లేకుండా ఎక్కాడు. మంచం ఎత్తు సరిపోయింది. బాత్రూం దగ్గర మాత్రం ఆగిపోయాం. కుర్చీ కన్నా తలుపు వెడల్పు నాలుగు వేళ్లు తక్కువ.

“కొంచెమేగా సార్. ఎవరో ఒకరు పట్టుకుంటే...” అన్నాడు యజమాని.

నా చేతులు అప్పటికే ముందుకొచ్చాయి.

“చేతులు వెనక్కి పెట్టుకో అన్నా,” అన్నాడు ఆపరేటర్. “నేనొక్కణ్ణే వచ్చాననుకో. తలుపేసుకున్నాననుకో.”

వెనక్కి పెట్టుకున్నాను. పెరేడ్‌లో ‘విశ్రామ్’ అన్నప్పటిలా నిలబడ్డాను. అతను కుర్చీ బ్రేకు వేసి నేల మీదికి దిగాడు. అప్పుడే తుడిచిన టైల్స్. అరచేతుల మీద ఒంటిని లాక్కుంటూ లోపలికి వెళ్లాడు. కాళ్లు వెనకే ఈడ్చుకుపోయాయి. తెల్ల చొక్కా ముందంతా తడిసి మాసిపోయింది. కమోడ్ అంచు పట్టుకుని లేవబోయి జారాడు. గడ్డం నేలకి తగిలింది. పట్టుకోవడానికి గోడకి కడ్డీ లేదు. మళ్లీ లేచాడు. ఈసారి కూర్చున్నాడు. నేను కదల్లేదు. వెనక నా గోళ్లు నా అరచేతిలోకి దిగుతున్నాయి.

తిరిగి అలాగే వచ్చి కుర్చీ ఎక్కాడు. యజమాని తల వంచుకున్నాడు.

“నాకు తట్టలేదండి. బాత్రూం పెద్దదే కట్టించా.”

“పెద్దదేనండి. లోపలికి పోనిస్తేగా!” అని నవ్వి, ఆపరేటర్ నా వైపు తిరిగాడు. “ఇప్పుడు చెప్పు వాళ్లకి.”

“వాలు బాగుంది. గది బాగుంది. బాత్రూంలోకి పోలేం. వద్దు,” అని ఫోన్‌లో చెప్పాను.

యజమాని మమ్మల్ని వదల్లేదు. మేస్త్రీని పిలిపించాడు. గోడ ఎంత కొట్టాలో, కడ్డీలు ఎక్కడ బిగించాలో ఆపరేటర్ చూపించాడు. టీచరమ్మ వచ్చేలోపే ఆ పని పూర్తయింది. ఇప్పుడు ఆగొచ్చని బృందానికి చెప్పాను. టీచరమ్మ ఆ గదిలోనే దిగి, మర్నాడు ఆపరేటర్‌కి ఫోన్ చేసింది. “ఎవర్నీ పిలవలేదండి,” అందిట. అంతే మాట.

ఆ రోజు గరికపాడు ధాబాలో భోంచేసి వెనక్కి తిరిగాం. సాయంత్రానికి అతని ఊరు మైలవరం చేరాం. ఎప్పుడూ అతన్ని సందు మొగలోనే దింపి వెళ్లిపోయేవాణ్ణి. అతని భార్య మొహం చూడలేక ఆ ఇంట్లో ఎన్నడూ అడుగు పెట్టలేదు. ఈసారి ఇంటి ముందు ఆపాను. అతనే కారులోంచి కుర్చీలోకి జరిగాడు. ఆవిడ బయటికొచ్చింది.

“లోపలికి రండి అన్నయ్యగారూ. కాఫీ తాగి వెళ్దురుగాని.”

గుమ్మానికి గడప లేదు. కోయించేశారు. గడప ఉండాల్సిన చోట, చదునైన గచ్చు మీద పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టి ఉంది. కుర్చీ ఎక్కడా ఆగకుండా దాని మీదుగా లోపలికి వెళ్లింది. చక్రాలకి అంటిన పసుపు హాల్లోకి రెండు గీతలుగా సాగింది.

“చెరిగిపోయిందమ్మా,” అన్నాను.

“రోజూ చెరుగుతుందండి. రోజూ పూస్తా.”

వత్సవాయిలో మా ఇంటికి నాలుగు మెట్లు, పైన గడప. ప్రతి క్రిస్మస్‌కీ అతన్ని భుజాన వేసుకుని ఆ మెట్లెక్కి, అందరూ చూస్తుంటే పొంగిపోయేవాణ్ణి. ఒక వాలు కట్టించాలని ఏనాడూ తోచలేదు. ఇప్పుడు కట్టించాను. అయినా కళ్లు మూస్తే ఆ రెండు పసుపు గీతలే. అవి లోపలికి వెళ్తూనే ఉంటాయి. నేను గుమ్మం బయట నిలబడి ఉంటాను.