ఏసీ ఎరగని మాస్టారి ఏసీ పాఠం

కొండాపూర్‌లో ఇళ్లకంటే బండరాళ్లు ఎక్కువగా ఉన్న కాలం ఒకటుండేది. హైటెక్ సిటీ భవనం లేస్తోంది, ఇక ఈ వైపు రాతే మారిపోతుందని అందరూ చెప్పుకునే ఆ తొంభైల చివరి రోజుల్లో, నా రాత కూడా మారకపోతుందా అని కాకినాడ నుంచి వచ్చి ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు మాస్టారిగా చేరాను. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. రేకుల గదిలో అద్దెకుంటూ, సెలవు రోజు మధ్యాహ్నాలు తడి తువ్వాలు కప్పుకుని గడిపేవాణ్ణి. అలాంటి నేను ఎనిమిదో తరగతికి పర్యావరణ పాఠం చెబుతూ ఓ రోజు ఆవేశపడిపోయాను. "మీ ఇళ్లలో ఏసీలు కట్టేయండి! అవి తాగే కరెంటు కోసం ఎక్కడో బొగ్గు కాలుతోంది, భూమి వేడెక్కుతోంది. ఇంట్లో చెప్పండి, పక్కింట్లో చెప్పండి!" అని చాక్‌పీసు ఊపుతూ అరిచాను. (అప్పటికి నేను ఏసీ గదిలో గడిపిన సమయం మొత్తం, ప్రిన్సిపాల్ మేడమ్ నన్ను ఇంటర్వ్యూ చేసిన పావుగంట.) పిల్లలు చప్పట్లు కొట్టారు. మొదటి బెంచీలో కూర్చునే అమ్మాయి మాత్రం చప్పట్లు కొట్టకుండా నోట్సు రాసుకుంది. ప్రతిదానికీ వాదిస్తుందని స్టాఫ్‌రూమ్‌లో ఆ పిల్లను లాయరమ్మ అనేవాళ్లం.

వారం తిరక్కుండా మేడమ్ నుంచి పిలుపు వచ్చింది. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఆవిడకు కోపం వస్తే గొంతు పెరిగేది కాదు, ఇంకా మెత్తబడేది. ఆ రోజు మరీ మెత్తగా, "కూర్చోండి మాస్టారూ. మీ పాఠం బాగా పనిచేసిందండి. ఒక పిల్లవాడు ఆదివారం వాళ్ల నాన్నగారు కునుకు తీస్తుండగా ఏసీ కట్టేసి, స్విచ్చి మీద మీ పేరు రాసిన కాగితం అతికించాడట. ఆయన ఫోన్ చేశారు. ఈయన ఏకంగా వచ్చారు" అన్నారు.

పక్క కుర్చీలో నూనె మరకల చొక్కాతో, ఒళ్లో పనిముట్ల సంచితో ఒకాయన ఉన్నాడు. ఖాజాగూడ మనిషి, లాయరమ్మ తండ్రి. ఏసీలు బిగించడం, బాగుచేయడం ఆయన పని! "మా బిడ్డ మొన్న నా ఎంట ఒచ్చింది సార్. నేను ఏసీ సాఫ్ చేస్తుంటే, పక్కన నిలవడి ఇంటామెకు చెప్తుంది, 'ఆంటీ, ఏసీ ఎయ్యకుండ్రి, భూమి ఖరాబైతది' అని. రెండో రూముకు కొత్త ఏసీ పెట్టిద్దామనుకున్నోళ్లు ఇగ వద్దన్నరు. అది నేనే బిగించాల్సింది."

భూమిని కాపాడబోయి ఈయన పనికి ఎసరు పెట్టానన్నమాట. "నా ఉద్దేశం అది కాదండీ" అని నసిగాను. ఆయన కోప్పడలేదు. "మీ ఇంట్ల ఎన్ని టన్నులుంది సార్?" అని మాత్రం అడిగాడు. టన్ను అంటే నాకు తెలిసింది ఇసుక, లారీ. బాగా ఆలోచించి, "ఎప్పుడూ తూచలేదండీ" అన్నాను. మేడమ్ మొహానికి ఫైలు అడ్డం పెట్టుకున్నారు. ఫైలు వణికింది. ఆయన మాత్రం నవ్వలేదు. (ఆయన మీద నా గౌరవం అక్కడే మొదలైంది.) "అది బరువు గాదు సార్, ఏసీ ఎంత చల్లగ చేస్తదో చెప్పే లెక్క" అని నెమ్మదిగా చెప్పి, "మీ మాట తప్పు గాదు. కానీ బంద్ చేయుండ్రి అంటే ఎవ్వరు చేయరు. ఇండ్లల్ల ముసలోళ్లుంటరు, పసిపిల్లలుంటరు. తక్కువ ఎట్ల వాడాల్నో చూపియ్యాలె. జర పిల్లల్ని పిలుస్తరా?" అన్నాడు.

బడి మొత్తానికి ఒక్కటే ఏసీ, అది మేడమ్ గదిలోనే. ఎనిమిదో తరగతంతా గుమ్మం దగ్గర గుంపుగా నిలబడింది. ఆయన ఏసీ ముందు మూత తీసి, గాలిని వడకట్టే జాలీ బయటికి లాగాడు. చుట్టుపక్కల రాళ్లు పేల్చి మేడలు కడుతున్న దుమ్మంతా దాని మీద కంబళిలా పేరుకుపోయి ఉంది. నేను తుమ్మాను. "ముక్కు మూసి ఉరకమంటే మనం ఉరుకుతమా? ఇది గూడ గంతే. ఊపిరాడక కరెంటు ఎక్కువ తాగుతది" అన్నాడు. జాలీ కడిగి ఆరబెట్టి పెట్టాడు. కిటికీ సందులో స్పాంజి కుక్కాడు. ఎండ వైపు పరదా లాగి, ఫ్యాన్ వేసి, ఏసీ చల్లదనం పెంచే మీటను సగానికే తిప్పాడు. కాసేపటికి మేడమ్, "రోజూ చివరిదాకా తిప్పినా ఇంత హాయిగా లేదండీ!" అని ఆశ్చర్యపోయారు.

లాయరమ్మ ఊరుకుంటుందా? "మరి అందరు గిట్ల తక్కువ వాడితే నీ పని ఎట్ల నాయినా?" అంది. గొంతులో వాదన లేదు, భయమే ఉంది.

"కొత్తది బిగించుడు ఒక్కనాటి పని బిడ్డా. సాఫ్ చేసుడు ఏటేటా ఉంటది" అని, ఆయన నా వైపు తిరిగాడు. "గా పోయిన ఏసీ గురించి పరేషాన్ కాకుండ్రి సార్. బిడ్డ మాట నిజమేనా అని వాళ్లు నన్నడిగితే, ఆ రూముకు పరదా కడితే సాలు, ఏసీ అక్కెర లేదని నేనే చెప్పొచ్చిన."

నేను ఆయన పనిముట్ల సంచి అందుకుని గేటుదాకా మోసుకెళ్లాను.

ఆ తరువాత చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. ప్రతిదీ ముందుగా కనుక్కుని, సరిచూసుకుని, జాగ్రత్తగా చెప్పాను. ఏ తండ్రీ బడికి రాలేదు. ఏ పిల్లా నా మాట పట్టుకుని ఇంటింటా చెప్పలేదు. ఏమీ తెలియకుండానే అంత గట్టిగా అరిచిన ఆ కుర్ర మాస్టారు అప్పుడప్పుడు గుర్తొస్తే నవ్వొస్తుంది. నవ్వాక, వాడి మీద కొంచెం బెంగ కూడా పుడుతుంది.