మా ఇంటి అభ్యర్థి

మా ఆయన మున్సిపల్ ఎన్నికల్లో మా వార్డు నుంచి నిలబడతానన్నప్పుడు ఇంట్లో అందరికీ పండగే, నాకు తప్ప. ఆర్మూర్ మార్కెట్ యార్డులో ఆయనది పసుపు కమీషన్ దుకాణం. కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి ఒక కొమ్ము తీసి, ఖటుక్కున విరిచి లోపలి రంగు చూస్తే గానీ ధర మాట్లాడడు. "పైన చూసి కొన్నోడు పాగల్‌గాడు" అంటాడు. అంతటి మనిషి, తన సంగతికొచ్చేసరికి ఫ్లెక్సీలో మీసం సరిగా పడిందా లేదా అన్నదే చూసుకున్నాడు!

ఆయనకు పోటీ మా గల్లీలోనే బట్టలు కుట్టే ఆమె. వానాకాలం మోరీ పొంగి ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు, సద్ది కట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు పోయి, మనుషులను పంపేదాకా అక్కడే కూర్చుంది. ఆ రోజు మా ఆయన ఏం చేశాడో చెప్పనా? పసుపు సంచులు మిద్దె మీదికి ఎక్కించి, చాయ్ అడిగాడు.

ఓటడగడానికి ఆమె మా ఇంటికీ వచ్చింది. ధైర్యం చూడండి! "కొత్త రోడ్డు ఏపిస్తవా?" అని అడిగాను.

"అక్కా, రోడ్డు నా ఒక్కదానితోని కాదు. మోరీ మాత్రం వానలకు ముందే తీపిస్త. తియ్యకుంటే నా ఇంటి ముందటికొచ్చి తిట్టు" అంది.

అన్నం తినేటప్పుడు మా ఆయననూ అడిగాను. "రోడ్డు, పార్కు, దవాఖాన, అన్నీ తెస్త" అన్నాడు.

"పైసలు ఏడికెళ్లొస్తయ్?"

"గవన్నీ తర్వాత సంగతి."

"పోనీ, మన గల్లీల నల్లా ఎప్పుడొస్తది?"

ముద్ద నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. "పొద్దుగాల... గదే, నువ్వు పడ్తవ్ గద నీళ్లు!"

"అయితే నా ఓటు ఆమెకే" అన్నాను.

కడుపుబ్బ నవ్వాడు. మర్నాడు మోరీ కంపు మధ్య డప్పుల ఊరేగింపు. ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే! ఇంటింటికీ పోయి దండం పెట్టాడు, నన్ను మాత్రం అడగలేదు.

పోలింగ్ రోజు లైన్లో నిలబడి మళ్లీ ఒకసారి ఆలోచించాను. ముప్పై ఏళ్ల కాపురం. మంచి మనిషి, నన్ను ఒక్క మాట అనడు. మొగుడిగా అయితే మళ్లీ ఆయన్నే ఎన్నుకుంటాను. కానీ వార్డు పని కాపురం కాదు కదా! ఆమె గుర్తు మీద ముద్ర వేసి బయటికొచ్చాను.

ఆమె గెలిచింది. మా ఆయన రెండు రోజులు దుకాణానికి పోలేదు. మూడో రోజు చాయ్ తాగుతూ మెల్లగా అడిగాడు, "నిజం చెప్పు. నాకేసినవా?"

"ఎయ్యలే."

గ్లాసు కింద పెట్టాడు.

"మరి ముందుగాల్నే చెప్పొచ్చు గదనే?"

"చెప్పిన. నువ్వు నవ్వినవ్."

కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, "సరే, ఇప్పుడు చెప్పు. వింట" అన్నాడు. నాకెంత సంతోషమైందో! మోరీ దగ్గర మొదలుపెట్టాను.