కుక్క గిన్నెలో సజ్జ అంబలి

పోయిన వారం మా కొత్త కుక్కపిల్లకు తిండి కొందామని కోవిల్‌పట్టి బజారుకు వెళితే, సంచి మీద 'ఇందులో ధాన్యం లేదు' అని గొప్పగా రాసి ఉంది. కుక్కలు ధాన్యం తినొచ్చా, కూడదా అని అంగడాయనా నేనూ పండితుల్లా కాసేపు వాదించుకున్నాం. కుక్కనే అడిగి ఉంటే సంచితో సహా తినేసేది. ఖాళీ చేతులతో తిరిగొస్తుంటే దారంతా మా అవ్వే గుర్తొచ్చింది.

అవ్వకు పొద్దున్నే సజ్జ అంబలి ఉండాలి. మా ఇంటి మాటలో కంబు కూళు. ముందురోజు వండి పులియబెట్టినదాన్ని మజ్జిగ పోసి చేత్తో పిసికి, చిన్న ఉల్లిపాయలు చిదిమి వేసేది. ఒక గిన్నె తనకు, ఒకటి కుక్కకు. ఇద్దరూ వాకిట్లో ఎదురెదురుగా కూర్చుని తాగేవారు. మొగుడి పేరు పలకకూడదు గనక తాతనూ, అసలు పేరే లేదు గనక కుక్కనూ 'ఇదో' అనే పిలిచేది. పిలిస్తే ముందు వచ్చేది కుక్కే. ఒక ఏడు ఎండలు మండిపోయాయి. పాపం, కుక్క పగలంతా మిరపకాయల కళ్లం దగ్గర కాపలా ఉంటోంది, ఉల్లి చలవ చేస్తుందని అవ్వ రోజూ దాని గిన్నెలో ఇంకో పిడికెడు ఎక్కువ వేసేది. కొన్నాళ్లకు కుక్క లేవడం మానేసింది. గిన్నె ముందు పెడితే మర్యాదకు తోక ఊపి ఊరుకుంది.

అవ్వ అల్లుడు, మా మామ, వెంటనే తీర్పు చెప్పేశాడు. "కుక్కకు ఎవరన్నా కంబు పెడ్తారా అత్తా? అరగలేదు, అంతే."

"నా చేతి కూడే దాన్ని కొట్టెనా రా?" అని అవ్వ నన్నడిగింది.

"అదే కూడు తాగి నేను ఇంత కాలేదా అవ్వా?" అన్నాను. ఆమె నవ్వలేదు. నా పాడు జోకులకు కూడా నవ్వే మనిషి. అప్పుడు నాకు భయమేసింది.

విరుదునగర్‌కు మిరప బస్తాలు తోలే మామ బండిలోనే కుక్కనూ ఎక్కించాం. చావుబతుకుల ప్రయాణమే గానీ, దారంతా నలుగురమూ తుమ్ముతూనే ఉన్నాం, కుక్కతో సహా. పశువుల డాక్టరు దాని పెదవి ఎత్తి చూశాడు. చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఏం పెడతారని అడిగితే అవ్వ కోర్టులో నేరం ఒప్పుకుంటున్నట్టు అంతా చెప్పింది.

"కంబు మంచిదేమ్మా, బాగా ఉడికితే దానికి అరుగుతుంది. ఉల్లే విషం. దాని రక్తాన్ని విరిచేస్తుంది" అన్నాడాయన. మామ ఫ్యాను రెక్కల్ని శ్రద్ధగా పరిశీలించాడు. ఎంత వేసేవారని డాక్టరు మళ్లీ అడిగాడు. "ఇంత సార్" అని అవ్వ పిడికిలి చూపించింది. ఇంటికి చేరేదాకా ఆ పిడికిలి విప్పలేదు.

సెలైన్లు, సూదులు అయ్యాక, ఒక పొద్దున కుక్క తానే నడిచొచ్చి గిన్నె ముందు కూర్చుంది. ఉల్లి లేని అంబలి అడుగంటా నాకింది. చూస్తే అవ్వ గిన్నెలోనూ ఉల్లి లేదు. "నీకేం అవ్వా, నువ్వు తినొచ్చు గదా?" అన్నాను.

"అది ఎదురుగా కూచొని చూస్తా ఉంటే నేను మాత్రం కొరుక్కుందునా? పోరా."

ఆ కుక్క పోయాక కూడా అవ్వ మళ్లీ ఉల్లి ముట్టలేదు. పోయిన వారం బజారు నుంచి వచ్చి కుక్కపిల్లకు చప్పటి అంబలి పోసి, నా గిన్నెలోకి ఉల్లిపాయ ఒలిచాను. అది తల పక్కకు వంచి చూసింది. ఉల్లిపాయ పక్కన పెట్టేశాను. కాలం అవ్వనూ ఆ కుక్కనూ తీసుకుపోయింది గానీ, ఉల్లి లేని ఆ గిన్నెను మాత్రం నా దగ్గర మరిచిపోయింది.